రెండో అంతస్తు చెరువు

కొత్తరేవు మునిసిపాలిటీ వారికి ఆ ఏడు వేసంగిలో ఉన్నట్టుండి చెరువుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పుట్టడం మంచిదే, కాదనేవాళ్ళెవరు? కాకపోతే ఊళ్ళో చెరువులు లేవు. రికార్డుల ప్రకారం ఏడుండాలి. ఒకదాంట్లో బస్టాండు ఉంది, ఇంకోదాంట్లో కల్యాణమండపం ఉంది, మూడోదాని మీద సినిమాహాలు వెలిసి, ఆడి, మూతపడింది కూడా. అన్నిటికన్నా పెద్దదైన రాజుగారి చెరువులో సాక్షాత్తూ మునిసిపాలిటీ ఆఫీసే ఉంది. మిగిలిన మూడూ ప్లాట్లయి, ప్లాట్లు ఇళ్ళయి, ఆ ఇళ్ళకి మళ్ళీ తాగడానికి నీళ్ళు లేక ట్యాంకర్లు తిరుగుతున్నాయి. దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ పాతికేళ్ళు పట్టింది, అంతే తేడా.

ప్రేమకి కారణం పైనుంచి వచ్చిన ఒక ఉత్తరువు. ప్రతి పట్నమూ తన చెరువును కాపాడుకోవాలి, కాపాడుతున్నట్టు నెలనెలా ఫొటో పంపాలి. పంపని పట్నం కమిషనర్ సంజాయిషీ రాసుకోవాలి. ఆ ఉత్తరువులోనే చెరువంటే ఏమిటో కూడా కొత్తగా చెప్పారు. ఇదివరకు పదెకరాలు దాటితేనే చెరువు అనేవారు. దాంతో జనం తొమ్మిదెకరాల తొంభై సెంట్లు మిగిలేదాకా పూడ్చి, "ఇది చెరువు కాదండీ, గుంట" అని తక్కినదీ పూడ్చేసేవారు. ఆ దారి మూసెయ్యడానికి ఎవరో మేధావి విస్తీర్ణం అన్న మాటనే కొట్టేశాడు. "గట్టు, అడుగున మట్టి, మధ్యన నీరు, నీట మొక్క, మొక్కల నడుమ చేప - ఈ అయిదు లక్షణములును గల ప్రతి ప్రదేశమును, విస్తీర్ణముతో నిమిత్తము లేకుండ, చెరువుగా పరిగణింపవలెను" అని రాసి పారేశాడు.

సామాన్యంగా సర్క్యులర్లు ఫైల్లో పెట్టడానికి వస్తాయి గానీ చదవడానికి రావు. మన ఖర్మ కాలి దీన్ని ఒకాయన చదివాడు. ఆయన చెరువుల పరిరక్షణ విభాగం అసిస్టెంటు ఇంజనీరు జోగారావు గారు. ఆ విభాగంలో ఆయనకి గది ఉంది, జీపు ఉంది, కాపాడ్డానికి చెరువు మాత్రం లేదు. రోజూ పొద్దున్నే వచ్చి సర్క్యులర్ తీసి చదువుకుంటూ, ఈ అయిదు లక్షణాలూ ఉన్నది ఎక్కడైనా దొరక్కపోతుందా అని ఎదురుచూస్తూ కూర్చునేవాడు పాపం.

సరిగ్గా ఆ రోజుల్లోనే నూకరాజు తన అక్వేరియం మార్చి కట్టడానికి పూనుకున్నాడు.

నూకరాజు మెయిన్ రోడ్డులో కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పనివాడు. యాభై రెండేళ్ళ మనిషి. ఒకరి జోలికి పోడు, ఒక అబద్ధమాడడు. పద్మజా టవర్స్‌లో రెండో అంతస్తులో ఉంటాడు. టవర్స్ అని పేరే గానీ మూడంతస్తులే. ముందుగదిలో సోఫాకి ఎదురుగా నాలుగడుగుల గాజు తొట్టి, అందులో మట్టిలో వేళ్ళూని పెరిగే అసలు మొక్కలు, వాటి మధ్య నాలుగు ఏంజెల్ చేపలు, ఇరవై టెట్రాలు. షాపు నుంచి రాగానే చొక్కా విప్పకుండా దాని ముందు కూర్చుంటే, ఆయన భార్య చక్రవేణి వచ్చి కాఫీ గ్లాసు చేతికి తగిలించేదాకా ఈ లోకంలో ఉండేవాడు కాదు.

ఆరేళ్ళయ్యేసరికి మొక్కలు ఇష్టమొచ్చినట్టు అల్లుకుపోయి, మట్టి సారం పోయి, తొట్టి పాతబడింది. ఎనిమిది నెలలపాటు గ్రాఫు కాగితాల మీద కొత్త నమూనా గీశాడు. వెనక మట్టి ఎత్తుగా, ముందుకి వాలుగా ఉండాలి. ఎడమ పక్క మూడు నల్లరాళ్ళు, వాటి సందులోంచి ఒక చింతవేరు కుడిపక్కకి సాగాలి, వేరు మీద నాచు పట్టాలి. పెద్దరాయి ముఖం ఎటు తిప్పాలన్నది మాత్రం ఎంతకీ తేలలేదు.

"నన్ను చూసుకోడానికొచ్చినప్పుడు అరగంటలో ఒప్పేసుకున్నారు. ఈ రాయి సంబంధం ఎనిమిది నెల్లయినా కుదరట్లేదేంటండీ?" అనేది చక్రవేణి.

మొత్తానికి మే నెలలో ఓ ఆదివారం ముహూర్తం కుదిరింది. నీళ్ళు తోడేశాడు. చేపల్ని జాగ్రత్తగా పట్టి నీలం ప్లాస్టిక్ టబ్బులోకి మార్చి, పాత ఫిల్టరు అందులో తిరిగేట్టు పెట్టాడు. కొత్తమట్టి పోశాడు, రాళ్ళు పాతాడు, నాచుని కుట్టుదారంతో వేరుకి కట్టాడు. మొక్కల్ని తడి న్యూస్‌పేపర్లో చుట్టి పక్కన పెట్టాడు. ఇక నీళ్ళు నింపడమే. అక్కడ ఆగిపోయాడు. కుళాయి నీళ్ళలో మునిసిపాలిటీ వారు బ్లీచింగు కలుపుతారు. ఒక రోజు చిటికెడు, ఒక రోజు చేటెడు. రెండేళ్ళ కిందట ఒక్క గంటలో పదకొండు చేపలు తేలిపోయిన సంగతి ఆయనకింకా కళ్ళ ముందే ఉంది. విరుగుడు చుక్కలు ఉన్నాయి గానీ, అవి ఎన్ని వెయ్యాలో తెలియాలంటే ముందు వాళ్ళెంత కలిపారో తెలియాలి. ఇంకొకడైతే కళ్ళుమూసుకుని నాలుగు చుక్కలు ఎక్కువే వేసి దేవుడి మీద భారం వేసేవాడు. నూకరాజు మునిసిపాలిటీకి ఉత్తరం రాశాడు.

"అయ్యా, మా ఇంటి ముందుగదిలోని 48 అంగుళముల పొడవు, 18 అంగుళముల వెడల్పు, 18 అంగుళముల లోతు గల నీటి తొట్టిలో పాత నీరంతయు తోడివేసి, అందలి చేపలను పట్టి వేరుచేసి, మొక్కలను పెరికి, కొత్తమట్టి రెండు బస్తాలు పోసి, రాళ్ళు పాతితిని. గట్టు బాగుగనే యున్నది. ఇక నీరు పెట్టి చేపలను వదలవలెను. కావున కుళాయి నీటిలో బ్లీచింగు ఏ రోజున ఎంత కలుపుదురో తెలియజేయ ప్రార్థన." కింద పూర్తి పేరు, చిరునామా, ఫోన్ నంబరు, సంతకం.

ఉత్తరం జోగారావు గారి బల్ల మీదకి చేరింది. ఆయన ఒకసారి చదివి, సర్క్యులర్ తీసి పక్కన పెట్టుకుని ఇంకోసారి చదివి, కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు.

మర్నాడు పది గంటలకల్లా జీపు పద్మజా టవర్స్ ముందు ఆగింది. జోగారావు గారి వెనక కొలతల టేపు పట్టుకుని లస్కరు సింహాచలం వచ్చాడు. లస్కరంటే కాలవలకీ చెరువులకీ కాపలా కాసే ఉద్యోగి. ఏడాదిలో రిటైరయ్యే మనిషి, మోకాళ్ళ నొప్పులు. రెండంతస్తులు ఎక్కేసరికి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"నూకరాజంటే మీరేనా?"

"ఆయ్, నేనేనండి. బ్లీచింగు సంగతి చెప్పడానికి ఇంత దూరం వచ్చారా? ఫోన్ చేస్తే సరిపోయేది కదండీ."

"చెరువెక్కడ?" అన్నాడు జోగారావు గారు.

నూకరాజు బిక్కమొహం వేశాడు. జోగారావు గారు ఆయన్ని దాటుకుని లోపలికి వచ్చి తొట్టి చూశాడు. గాజు మీద వేలితో కొట్టి "గట్టు, పారదర్శకం" అన్నాడు. మట్టిలో వేలు గుచ్చి "పూడిక, తాజా" అన్నాడు. టబ్బులోకి తొంగిచూసి చేపల్ని లెక్కపెట్టాడు. అన్నీ కాగితం మీద రాసుకుని సోఫాలో కూర్చున్నాడు.

"మీరు దీన్ని తొట్టి అనండి, అక్వేరియం అనండి, ముద్దుపేరు ఏదైనా పెట్టుకోండి. శాఖాపరంగా ఇది చెరువు. మీరు చెరువు నీరు తోడి ఎండగట్టారు. మట్టి పోసి పూడ్చారు. అనుమతి లేకుండా చేపలు పట్టారు. జలవృక్షసంపదను పెకలించి," పక్కన చూసి, "న్యూస్‌పేపర్లో చుట్టారు. పైగా అన్నిటికీ సంతకం పెట్టి రాసిచ్చారు. నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో చెరువు పూడ్చినవాడు పూడ్చానని రాసివ్వడం ఇదే చూడ్డమండీ."

"అయ్యబాబోయ్! పూడ్చడం కాదండీ. బాగుచేసుకుంటున్నానండి."

"అందరూ అదే అంటారు. ఈ క్షణం నుంచి యథాతథ స్థితి. చుక్క నీరు పొయ్యకూడదు, చిటికెడు మట్టి తియ్యకూడదు."

"మరి చేపలండీ? టబ్బులో వారం కన్నా ఎక్కువ ఉండలేవండి. ఈ ఎండలకి నీళ్ళు కాగిపోతాయి."

"అవి విస్థాపితులు," అన్నాడు జోగారావు గారు, కొంచెం జాలిగానే. "వాటి పునరావాసం గురించి ప్రతిపాదన పైకి పంపుతాం. కంగారు పడకండి. రోడ్డు వెడల్పులో ఇళ్ళు పోయినవాళ్ళ ఫైలు పదకొండేళ్ళుగా నడుస్తోంది. బాగానే నడుస్తోంది."

తొట్టికి నాలుగు వైపులా టేపు చుట్టి, లక్క కరిగించి ముద్ర వేశారు. చెరువన్నాక కాపలా ఉండాలి కాబట్టి సింహాచలాన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయారు. సింహాచలం మొదటి రోజు నిటారుగా కూర్చుని తొట్టినే చూశాడు. రెండో రోజుకి సోఫా కాస్త టీవీ వైపు జరిగింది. మూడో రోజుకి చక్రవేణికి సీరియల్లో ముందు ఏం జరిగిందో గుర్తులేకపోతే ఆయన్నే అడుగుతోంది.

నూకరాజు మాత్రం షాపుకి సెలవు పెట్టి టబ్బు పక్కన చతికిలబడ్డాడు. గోనెసంచి తడిపి టబ్బు చుట్టూ కప్పడం, అది ఆరిపోతే మళ్ళీ తడపడం, బిందెలో నిలవ ఉంచిన నీళ్ళు గ్లాసు చొప్పున పొయ్యడం. తిండి సయించడం లేదు. ఏంజెల్ చేపలు ఇరుకులో తోకలు కొట్టుకుంటుంటే ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది. ఈ ఉత్తరం ఎందుకు రాశానురా భగవంతుడా అని తన చేతిని తనే తిట్టుకున్నాడు.

నాలుగో రోజు జోగారావు గారు పసుపు రంగు డబ్బాతో వచ్చాడు. చెరువు గట్టు నుంచి ముప్ఫై అడుగుల వరకూ శాశ్వత కట్టడం ఉండకూడదన్నది నియమం. టేపు తొట్టి దగ్గర పట్టి లాగితే అది హాలు దాటి, వంటింట్లోకి పోయి, గ్యాసుపొయ్యి దాటి, వెనక బాల్కనీలో తేలింది. ఇల్లు మొత్తం ముప్ఫై అడుగుల్లోనే ఉంది. జోగారావు గారు గోడ మీద, బీరువా మీద, పొయ్యి గట్టు మీద పసుపు గీతలు గీసుకుంటూ పోయాడు.

చక్రవేణి కొంగు బిగించింది. "ఏవండోయ్, మా వంటిల్లు మీ చెరువుకి అడ్డమొచ్చిందా?"

"చెరువు ముందా, వంటిల్లు ముందా అని చూడాలి కదమ్మా."

"వంటిల్లే ముందు. ఈ తొట్టి వచ్చి ఆరేళ్ళయింది. నేనిక్కడ వండబట్టి పదహారేళ్ళు."

"మా రికార్డుల్లో చెరువులన్నీ రాజులనాటివమ్మా. చెరువెప్పుడూ ముందే ఉంటుంది. ఆక్రమణే తర్వాత వస్తుంది," అని ఆయన ఆవిడ చేతిలో నోటీసు పెట్టాడు. పదిహేను రోజుల్లో ఇల్లు తొలగించాలి. చెరువును మాత్రం ఉన్నచోటనే ఉంచాలి.

చక్రవేణి నోటీసు రెండుసార్లు చదివింది. "ఇల్లు తీసేస్తే ఈ చెరువు దేని మీదుంటుందండీ? గాల్లోనా?"

"అది ఇంజనీరింగ్ విభాగం పరిశీలిస్తుంది," అన్నాడు ఆయన, తను ఇంజనీరన్న సంగతి మరిచిపోయి.

ఈ గొడవంతా మెట్ల మీద నిలబడి వింటున్న కింది ఫ్లాటు పాపారావు నెమ్మదిగా లోపలికి వచ్చాడు. నీళ్ళెక్కడుంటే అక్కడ బిందె పెట్టే రకం ఆయన. "సార్, నాదో మనవండి. నూకరాజు గారు వారం వారం తొట్టి నీళ్ళు కొంచెం బాల్కనీలోంచి పారబోస్తారండి. అవి మా కుండీల్లో పడతాయి. ఆ నీళ్ళకి మా కరివేపాకు ఏపుగా పెరిగిందండి. ఆరేళ్ళుగా అనుభవిస్తున్న హక్కు."

జోగారావు గారి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి ఒక చెరువు, ఆ చెరువుకి ఒక ఆయకట్టు కూడానూ. "ఆయకట్టు: కుండీలు ఆరు" అని రాసుకున్నాడు. అక్కడికక్కడే నీటి వినియోగదారుల సంఘం పెట్టి, పాపారావుని ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశాడు. అధ్యక్షుడి హోదాలో పాపారావు మొట్టమొదట చేసిన పని, ఈ పంటకి సకాలంలో నీరు వదలనందుకు నూకరాజు మీద ఫిర్యాదు పెట్టడం. వదలకూడదని చెప్పినవారే ఆ ఫిర్యాదు తీసుకుని రసీదు ఇచ్చారు.

ఆ మధ్యాహ్నమే రెండు టెట్రాలు చచ్చిపోయాయి. మర్నాడు పొద్దునకి మూడోది. సింహాచలం నియమం ప్రకారం పంచనామా రాయించాడు గానీ, రాయిస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. పెద్ద ఏంజెల్ చేప నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. నూకరాజు ఇక ఆగలేక కమిషనర్ దగ్గరికి పరిగెత్తాడు.

రాజుగారి చెరువు గర్భంలో కట్టిన ఆ ఆఫీసులో కమిషనర్ గారి గది ఏసీతో చల్లగా ఉంది. గోడ మీద పటం కట్టి ఒక ఫొటో వేలాడుతోంది. చూస్తే తన తొట్టే. లక్క ముద్రలతో సహా.

"రండి నూకరాజు గారూ, రండి! మీ ఫొటో పైకి పంపాం. అభినందిస్తూ ఉత్తరం వచ్చింది," అని కమిషనర్ గారు లేచి చెయ్యి కలిపాడు. "పట్టణీకరణ అనే మహాప్రవాహంలో కొట్టుకుపోకుండా మిగిలిన ఏకైక చెరువు మీది. మీది అనడం కూడా తప్పు. జాతి సంపద."

"జాతి సంపదలో నీళ్ళు లేవండి. బాబ్బాబు, నీళ్ళు పొయ్యనివ్వండి. చేపలు నా కళ్ళ ముందే చచ్చిపోతున్నాయండి."

"నీరు లేకపోవడం చెరువుకి లోపం కాదు నూకరాజు గారూ. మీరు భావోద్వేగంతో మాట్లాడుతున్నారు. వ్యవస్థ భావోద్వేగంతో నడవదు. నీరు విడుదల చెయ్యాలంటే సాగునీటి వారు ఒప్పుకోవాలి. చేపలు వదలాలంటే మత్స్యశాఖ వారు, మొక్కలు నాటాలంటే అటవీ వారు, మీరు పోసిన మట్టి ఎక్కడ తవ్వారో గనుల వారు తేల్చాలి. వచ్చే నెల ఆఖరి వారంలో సంయుక్త సమావేశం ఏర్పాటు చేశాం. మీరు ప్రత్యేక ఆహ్వానితులు."

"వచ్చే నెలకి ఒక్క చేప మిగలదండి."

"చూడండి, చేపలు లేకపోతే సమావేశానికి మత్స్యశాఖ వారు రానక్కర్లేదు. పని ఇంకా త్వరగా అవుతుంది," అని కమిషనర్ గారు ధైర్యం చెప్పాడు.

నూకరాజు ఎలా ఇంటికి వచ్చాడో ఆయనకే తెలియదు. వచ్చి టబ్బు పక్కన కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. చక్రవేణికి కూడా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆవిడకి చేపల మీద ఎంత ప్రేమో తెలియదు గానీ, ఈ మనిషి ఏడవడం ఆవిడ పెళ్ళయ్యాక చూడలేదు.

సింహాచలం టీవీ కట్టేశాడు. "బాబూ, ఓ మాట చెప్పమంటారా? నేను చెప్పానని మాత్రం అనకండి. ఈ ఊళ్ళో ఏడు చెరువులకీ కాపలా కాసింది నేనేనండి. ఏడూ నా కళ్ళ ముందే పోయాయి. ఒక్కళ్ళకి కూడా మీకొచ్చినన్ని కష్టాలు రాలేదండి. ఎందుకంటారు?"

"ఎందుకు?"

"వాళ్ళు ముందు కట్టేశారు, ఆనక దరఖాస్తు పెట్టారు. మీరు ఏమీ కట్టకుండా ముందే దరఖాస్తు పెట్టారు. చెరువులో నీళ్ళు పొయ్యడానికి నాలుగు ఆఫీసులు ఒప్పుకోవాలండి. చెరువులో ఇల్లు కట్టేశాక క్రమబద్ధం చెయ్యమని అడగడానికి ఒక్క కాగితం చాలు. ఉన్న చెరువుకే ఈ రూల్సన్నీ. ఇల్లు లేచిపోయిందంటే ఇక చెరువెక్కడుందండీ?"

నూకరాజు ఏడుపు ఆపి ఆయన మొహంలోకి చూశాడు. "ఇంత తొట్టిలో ఇల్లేం కడతానయ్యా?"

"ఎంత చెరువైతే అంత ఇల్లండి," అని సింహాచలం మళ్ళీ టీవీ పెట్టుకున్నాడు.

అరగంటలో నూకరాజు చేపల సామాన్లు అమ్మే షాపులో ఉన్నాడు. అక్కడ అరచెయ్యంత ప్లాస్టిక్ బొమ్మ ఇల్లు ఒకటి ఉంది. ఎర్రటి కప్పు, ఆకుపచ్చ తలుపు, ముందు గోడకి గులాబీ రంగు పువ్వులు. ఎనిమిది నెలలు గ్రాఫు కాగితం మీద రాళ్ళ ముఖాలు దిద్దుకున్న మనిషి, మనసు చంపుకుని దాన్ని కొన్నాడు. ఇంటికొచ్చి ముద్రలు చెదరకుండా పైనుంచి చెయ్యి పెట్టి, నల్లరాళ్ళ పక్కన మట్టి మీద దించాడు. చిటికెడు మట్టి తియ్యలేదు, చుక్క నీరు పొయ్యలేదు. సింహాచలం అంతసేపూ సీరియల్ మీంచి చూపు తిప్పలేదు. వెంటనే నూకరాజు ఒక్క కాగితం రాసి ఆఫీసుకి పంపాడు: చెరువు భూమిలో గృహము నిర్మించితిని, క్రమబద్ధము చేయ ప్రార్థన.

ఆ సాయంత్రానికే మంజూరైపోయింది. అదే జోగారావు గారు, అదే జీపు, కానీ మనిషి మారిపోయాడు. మొహం నిండా నవ్వు.

"ముందే చెప్పొచ్చు కదండీ గృహ ప్రయోజనమని! అనవసరంగా మిమ్మల్ని ఇబ్బంది పెట్టాం," అంటూ టేపూ లక్కా ఆయనే స్వయంగా పీకేశాడు. బొమ్మ ఇంటికి డోర్ నంబరు రాసి అంటించాడు. చెరువు రికార్డుల్లోంచి తొలగింది కాబట్టి ముప్ఫై అడుగుల నియమం కొట్టేశాడు. ఆయకట్టు రద్దయింది. పాపారావు అధ్యక్ష పదవి ఆరు కుండీలతో సహా ఊడిపోయింది. "ఇల్లన్నాక కుళాయి ఇవ్వడం మా విధి కదండీ," అని నీటి కనెక్షన్ కాగితం కూడా చేతిలో పెట్టాడు.

"ఆ నీళ్ళలో బ్లీచింగు ఎంత కలుపుతారండీ?" అన్నాడు నూకరాజు. ప్రాణం మీదకి వచ్చినా ఆయన అలవాటు పోలేదు.

"ఈ వారం బ్లీచింగు స్టాకు లేదండి. ఏమీ కలపట్లేదు."

"మరి కమిషనర్ గారు బాధపడలేదాండీ? ఊరికి ఒక్కగానొక్క చెరువు కదా."

"ఫొటో ఉంది కదండీ. పైవాళ్ళు చూసేది ఫొటోయే," అన్నాడు జోగారావు గారు.

ఆ పూటే నీళ్ళు నింపాడు. మట్టి కదలకుండా మధ్యలో పళ్ళెం పెట్టి, దాని మీద సన్నటి ధార పోస్తూ గంటన్నర కూర్చున్నాడు. మొక్కలు నాటాడు. నీళ్ళు తేరుకున్నాక చేపల్ని ఒక్కొక్కటే వదిలాడు. ఇరవై నాలుగులో ఇరవై ఒకటి మిగిలాయి. పెద్ద ఏంజెల్ చేప కాసేపు అడుగున పడి ఉండి, తర్వాత రెక్కలు విప్పి చింతవేరు కిందనుంచి ఈదుకుంటూ వెళ్ళింది. నూకరాజుకి ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. చక్రవేణి చెయ్యి పట్టుకుని "చూశావా, చూశావా" అంటూనే ఉన్నాడు.

"ఆ దిక్కుమాలిన ఇల్లు తీసేస్తే ఇంకా బావుంటుందండీ," అంది ఆవిడ.

"ఉండనీవే. అది తీస్తే మళ్ళీ చెరువైపోతుంది."

పది రోజులు హాయిగా గడిచాయి. పదకొండో రోజు పొద్దున్న కింద డీజిలు ఇంజను చప్పుడైంది. జోగారావు గారు మెట్లెక్కి వచ్చాడు. వెనకాల సింహాచలం లావుపాటి గొట్టం భుజాన వేసుకుని రొప్పుతున్నాడు.

"నూకరాజు గారూ, మీ కొత్త ఇల్లు పూర్తిగా ముంపులో ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది. కప్పు మీద కూడా పది అంగుళాల నీరుంది. క్రమబద్ధం చేసిన ఇల్లు మునిగితే బాధ్యత మాదే అవుతుంది. అత్యవసరంగా నీరు తోడించాలి," అంటూ ఆయన గొట్టం అందుకున్నాడు.

నూకరాజు తొట్టికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. చేపలు ఆయన వెనక, గొట్టం ఆయన ముందు. ఆయనకి జీవితంలో మొదటిసారి ఒళ్ళు మండింది.

"ఆగండి జోగారావు గారూ. నిరుడు వానలకి మీ ఆఫీసులోకి నీళ్ళొచ్చాయా లేదా? మోకాలి లోతు నీళ్ళలో కుర్చీలు బల్లలెక్కించుకుని కూర్చున్నారా లేదా?"

"కూర్చున్నాం," అన్నాడు జోగారావు గారు, గొంతు తగ్గించి.

"అప్పుడు ఇంజను పెట్టి రాజుగారి చెరువు తోడారా?"

"అదెలా తోడతామండీ? వానొస్తే నీళ్ళు అక్కడికే వస్తాయి."

"మరేం చేశారు?"

"కనీవినీ ఎరుగని భారీ వర్షం వల్ల అని నివేదిక రాశాం. ప్రకృతి వైపరీత్యం అని రాస్తే ఇంక ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు."

"నాకూ అదే రాసి పెట్టండి."

జోగారావు గారు కిటికీలోంచి బయటికి చూశాడు. రోహిణి ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఎదురు మేడ మీద కాకి కూడా లేదు. ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకుని, సోఫాలో కూర్చుని, రెండో అంతస్తు ముందుగదిలో కురిసిన కనీవినీ ఎరుగని భారీ వర్షం గురించి ఒక పేజీ రాశాడు. చేయితిరిగిన రాత, ఎక్కడా కొట్టివేత లేదు. ప్రత్యక్షసాక్షి అన్నచోట వేలు పెట్టి చూపించాడు. నూకరాజు సంతకం పెట్టేశాడు. సింహాచలం గొట్టం చుట్టుకుని, నవ్వు దాచుకోడానికి అటు తిరిగి మెట్లు దిగాడు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని నూకరాజు ముద్ద కలిపి వదిలేశాడు. "అబద్ధం మీద సంతకం పెట్టానే. చెయ్యయినా వణకలేదు," అన్నాడు.

చక్రవేణి చారు వడ్డిస్తూ, "నిజం రాసి పంపినప్పుడు మూడు చేపలు పోయాయి. ఇవాళ ఒక్కటీ పోలేదు కదా. తినండి, చల్లారిపోతోంది," అంది.